తెరకు ఈవలి నాటకము

తోలుబొమ్మలాటను గూర్చి మన భాషలో వెలువడిన వ్యాసములలో పెక్కింటియందు తెరమీద వెలుగు బొమ్మలను గూర్చియు, వాని తోలును, రంగులను, ఆడింపబడు రామాయణ భారత కథలను గూర్చియు విపులమైన ప్రశంస కానవచ్చునే గాని, తెరకు ఈవల గోనెపట్టాలు పరచుకొని తెల్లవారుదాక కూర్చుండి నవ్వునట్టి జనమును గూర్చి నాలుగు వాక్యములు దొరకుట అరుదు. వానకై ఆడించు విరాటపర్వమును చూచి వ్రాయుడని ఒక పత్రికా సంపాదకులు కోరగా, మదనపల్లెలో ఉపాధ్యాయుడుగా నున్న మిత్రుని వెంట రామసముద్రము మండలములోని ఒక పల్లెకు పోయిన నాకు, ఆ రాత్రి అక్కడ చూడదగినది ఆ జనమే యని ఆట మొదలైన కొంతసేపటికే తోచినది. కావున బొమ్మలను చూచిన కన్నులతోనే చూచువారినిగూడ చూచుచు కూర్చుంటిని. ఆ సంగతినే ముఖ్యముగా వ్రాయుచున్నాను.

కన్నడదేశపు కోలారు జిల్లాకు అంచున నున్న ఈ సీమకు చెరువులు, బోరుబావులు తప్ప వేరు ఆధారము లేదు. వానలు వెనుదీసిన యేట విరాటపర్వము చదివించినను, ఆడించినను మేఘము కరుణించునన్న విశ్వాసము రాయలసీమ పల్లెలలో నేటికిని చావలేదు. ఆ విశ్వాసముతోనే ఇంటింట చందా ఎత్తి, అనంతపురపు వైపునుండి బొమ్మలాట మేళమును పిలిపించి, గుడి ఎదుట నాలుగు గుంజలు నాటి, తెల్లని పంచెలు కుట్టి తెర కట్టిరి. పూర్వము తెర వెనుక ఆముదపు దీపములు వెలుగుచుండెడివి. ఇప్పుడు విద్యుద్దీపము వ్రేలాడుచున్నది.

ఆట మొదలగుటకు ముందు కొంతసేపు మేళపు పెద్దచెంత కూర్చుంటిని. ఆరెవారని పిలువబడు ఈ బొమ్మలాటవారు ఇంట మరాఠీ మాటాడుదురు. బొమ్మ చేతబట్టినతోడనే వారి నోట జాతీయములతో నిండిన తెలుగు ప్రవహించును. ఎదుటి పెట్టెలో ధర్మరాజును, భీముడును, కీచకుడును ఒకరిపై నొకరు పరుండియుండగా, ఆ వృద్ధుని చేతులు మాత్రము హాస్యగాడగు కేతిగాని నడుముదగ్గర తెగిన దారమును ముడివేయుచుండెను. మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు గీకి, వెలుతురు చొచ్చునంత పలుచన చేసి, ఉలితో చిల్లులు పొడిచి, రెండువైపుల రంగులద్దు ఆ శిల్పమును మెచ్చుకొననివారు లేరు. నా దృష్టి ఆ ముడిమీద నిలిచినది. దేవతల బొమ్మలకు కదలిక కొంచెమైన చాలును. వారి గౌరవము నిశ్చలత్వములోనే యున్నది. హాస్యగానికి అట్లు గాదు. మెడ, మోచేయి, నడుము, మోకాలు వేనికవి ఊగవలెను. వెదురుబద్ద ఒరసి ఒరసి కాయగాచిన బొటనవ్రేలితో ఆయన ఆ ముడిని ఒకసారి బిగించెను; బొమ్మను ఊపిచూచి తృప్తిలేక విప్పెను; మరల కొంత వదులుగా కట్టెను. ఎందులకని అడిగితిని. “బిగిస్తే నడుస్తాడు సామీ, వదులైతే నవ్విస్తాడు” అని తల యెత్తకయే చెప్పెను. హాస్యమును గూర్చి లక్షణగ్రంథములు చెప్పినవానిలో ఇంత క్లుప్తమైన సూత్రమును నేను చదువలేదు.

గణపతి ప్రార్థన ముగిసి కేతిగాడు తెరమీదికి దూకినతోడనే, అంతవరకు చెదరియున్న జనము ఒక్కచోటికి చేరినది. దూరమున ఆడుకొనుచున్న పిల్లలు తెరకు మూరెడు దూరమునకు జరిగిరి. మోటారు సైకిళ్లమీద కూర్చుండి ఫోనులు చూచుకొనుచున్న యువకులు వానిని జేబులలో పెట్టిరి. బంగారక్క వచ్చెను, జుట్టుపోలిగాడు వచ్చెను, తగవు మొదలయ్యెను. ఈ మూడు హాస్యపాత్రల పేర్లు తెలియని తెలుగుపల్లె ఒకప్పుడు లేదు. రాముడు అయోధ్యవాడు, ధర్మరాజు హస్తినాపురమువాడు. వీరు మాత్రము ఏ ఊర బొమ్మలాట ఆడిన ఆ ఊరివారు. ఆ యూరి కుంట పేరు, గుడి తగాదా, పంచాయితీ కొళాయి పాటు, అన్నియు వీరికి తెలియును. సాయంకాలము టీ అంగడిలో కూర్చుండి మేళమువారు ఏరుకొన్న ముక్కలన్నియు రాత్రి వీరి నోట పలుకును.

భరతముని హాస్యమును ఆరు విధములుగా విభజించి, స్మిత హసితములు ఉత్తములకును, విహసిత ఉపహసితములు మధ్యములకును, అపహసిత అతిహసితములు అధములకును చెల్లునని నిర్ణయించెను. ఆ పల్లెలో ఆ యారును ఒకేమారు వింటిని. వాని హక్కుదారులు మాత్రము తారుమారైరి. గుడి అరుగుమీద కుర్చీ వేయించుకొని కూర్చున్న పెద్దరైతు కన్నీరు తుడుచుకొనుచు అతిహసితమున మునిగియుండగా, జనమునకు వెలుపల కంబళి కప్పుకొని నిలిచిన గొర్రెలకాపరి పెదవి కొస కదల్చి స్మితముతో ఊరకుండెను. నవ్వు వచ్చు క్రమముగూడ గమనింపదగినదై యుండెను. పిల్లలు బొమ్మ ఊపునకే ముందు నవ్వుదురు; స్త్రీలు మాట ముగియకమునుపే అర్థమును పట్టుకొని నవ్వుదురు; పురుషులు ఆ మాట ఎవరికి తగిలెనో ప్రక్కకు చూచి, తగిలినవాడు నవ్విన పిమ్మట నవ్వుదురు. తగిలినవాడు నవ్వువరకు సభ ఒక్క క్షణము ఊపిరి బిగపట్టును. ఆ క్షణమున ఊరి మర్యాద అంతయు పరీక్షకు నిలిచియుండును.

కేతిగాడు టమాటలు అమ్ముటకై మదనపల్లె పోయివచ్చిన కథ అట్టి పరీక్ష. 2023 జూలై చివర ఆ మార్కెట్టున కిలో ధర రూ.200 దరిదాపునకు ఎక్కిన సంగతిని ఎరుగనివారు ఆ జనములో లేరు; కోతకూలియైనను గిట్టక గంపలకొలది పండ్లను త్రోవప్రక్కన పారబోసిన దినములను ఎరుగనివారును లేరు. “టమేటా పెట్టి మేడ గట్టినా, మేడ మెట్లెక్కేలోగా దర దిగిపాయ, దాంతోపాటు మెట్లూ దిగిపాయ” అని కేతిగాడు వాపోగా, నా ముందు వరుసలో తలపాగా చుట్టుకొన్న రైతు ఒకడు మొదట తల వంచుకొని, పిదప భుజములు కదలునట్లుగా చాలసేపు నవ్వెను. అప్పులవాని యెదుట, కూలివాని యెదుట, వియ్యంకుని యెదుట చెప్పుకొనలేని నష్టమును ఆ రైతు వారందరి నడుమ కూర్చుండి వారితోపాటు నవ్వగలిగెను. ఏ సంక్షేమపథకమును ఆ ఊరట నీయజాలదు. ఒకని దుఃఖము పదిమంది యెదుట బయటపడియు అవమానముగాక పోవుట హాస్యము చేయు మహోపకారము. అందులకు హాస్యగాడు ఒక్కడు చాలడు, ఆ పదిమందియు ఆ ఊరివారై యుండవలెను.

రాత్రి మూడవవంతు గడచిన పిమ్మట జరిగిన సంగతి ఈ యాత్రకంతటికిని ఫలమని నేను భావించుచున్నాను. జుట్టుపోలిగాడు బంగారక్కను తిట్టి కొట్టు ఘట్టము సాగుచుండెను. ఈ మేళములలో స్త్రీపాత్రల పాటయు మాటయు స్త్రీలవే. బంగారక్క గొంతు మేళపు పెద్ద కోడలిది. పిల్లలు నవ్వుచుండిరి, స్త్రీల వరుసలు మెల్లగా మౌనము వహించినవి. అంతలో ముందు వరుసలోని ఒక వృద్ధురాలు తెర చినుగునంత గట్టిగా, “మాటిమాటికీ ఆ బంగారక్కకే తన్నులా? దాని చేతికి చీపురు ఇచ్చే దిక్కు లేదా మీ పెట్టెలో?” అనెను. తెర వెనుక హార్మోనియము ఒక్క చిటికెసేపు ఆగెను. బంగారక్క తెరమీదనుండి మాయమై, క్షణములో తిరిగివచ్చెను. ఆమె వెనుక తెర నిండుగా భీముని బొమ్మ నిలిచెను. “చీపురు యాడా దొరకలేదవ్వా, వంటింట్లో ఉంటే ఈ వలలుణ్ణి పిల్చకొచ్చినా” అని ఆ కోడలి గొంతు పలికినతోడనే స్త్రీల వరుసలనుండి లేచిన నవ్వు గుడి గోడలకు తగిలి మారుమ్రోగెను. జుట్టుపోలిగాడు పరుగెత్తిన పరుగు వేరుగ చెప్పవలసిన పని లేదు.

ఆ నవ్వు వట్టి వినోదము గాదు. అజ్ఞాతవాసమున భీముడు వలలుడను పేర విరాటుని వంటశాలలో నున్నాడని తెలిసిననే ఆ మాట నవ్వించును. ఆ వృద్ధురాలికిని, ఆమె ప్రక్కనున్న బాలికలకును అది తెలియును. అంతకుమించి, మరికొంతసేపటికి కీచకుడు ద్రౌపదిని నిండుసభలో పరాభవించినప్పుడును, ఆమె నడిరేయి వంటశాలకు పోయి భీముని మేలుకొలిపినప్పుడును, ఆ స్త్రీలలో ఒక్కరికిని వ్యాఖ్యానము అవసరము గాలేదు. తన్నులు తిన్న బంగారక్క ముందుగా నడచిన త్రోవనే పాంచాలి నడచినది. హాస్యఘట్టములు కథకు అడ్డుతగులు పిట్టకథలని తలచువారు ఈ రాత్రిని చూడవలెను. ఇతిహాసమును ఊరి గడపలోనికి తెచ్చు వాకిలి హాస్యమే; ఆ వాకిలి మూసినచో కీచకవధ దూరదేశపు వార్తగా మిగులును.

గోగ్రహణము వచ్చునప్పటికి తెల్లవారుజాము కావచ్చినది. ఆవులను తోలుకొనిపోయిరన్న మాటకు, పుంగనూరు పొట్టియావుల పేరు దేశమంతట మ్రోగిన ఈ సీమలో, స్పందించని ప్రాణి యుండదు. అంతఃపుర స్త్రీల నడుమ ఉత్తరకుమారుడు పలికిన బీరములకు ముసలివారు సైతము వంతపాడిరి. కౌరవసేనను చూచి ఆ రాకుమారుడు రథము దిగి పరుగెత్తగా బృహన్నల యను పేడిరూపమున నున్న అర్జునుడు వెంటబడిన ఘట్టమున, నిద్రించుచున్న పిల్లలను తల్లులు తట్టి లేపి చూపిరి. అంతకుముందు యుద్ధమునకు పోవు బృహన్నలను రాకుమార్తె ఉత్తర తన బొమ్మలకు పొత్తికలు తెమ్మని అడిగినప్పుడు, ఒక బొమ్మ తన బొమ్మలకు బట్టలు కోరుచున్నదని ముందు కనిపెట్టి నవ్వినది ఎనిమిదేండ్ల బాలిక. ఆమెకు తిక్కన పేరు తెలిసియుండదు. తిక్కన భారతరచనకు విరాటపర్వముతో శ్రీకారము చుట్టెనన్న సంగతియు తెలిసియుండదు. ఆమె నవ్వు మాత్రము ఆ కవి సభలో కూర్చుండదగిన సహృదయుని నవ్వు. పండిత పామర విభాగము ఎంత కృత్రిమమో ఇట్టి రాత్రులలో బోధపడును.

నాట్యశాస్త్రము ప్రదర్శనసిద్ధిని గూర్చి ఒక అధ్యాయమునే కేటాయించి, మానుషసిద్ధికి గుర్తులుగా ప్రేక్షకుల చిరునవ్వును, పెద్దనవ్వును, సాధువాదమును, అయ్యో యను మాటను, పులకరింతను, ఆసనమునుండి లేచుటను, వస్త్రములును ఉంగరములును విసరుటను లెక్కించినది. ఆ పట్టికలోని గుర్తులను పెక్కింటిని ఆ గుడి ముందర చూచితిని. ఉంగరములకు బదులు నూరు రూపాయల నోట్లు తెరదగ్గరకు పోయినవి. ఇచ్చినవారి పేర్లను కేతిగాడే చదివి, ప్రతివానికిని మెచ్చుకోలుతోపాటు ఒక చురకయు నంటించెను. కానుక ఇచ్చినవాడు చురకకై ఎదురుచూచుచుండెను. తన వంతు చురక చిన్నదైనదని ఒకడు మరల ఇరువది రూపాయలు ఇచ్చెను.

ఈ గౌరవము ఈ కళకు ఊళ్లలో నిలిచియుండగా, బయట దీనికి జరుగుచున్న గౌరవము వేరు దారి పట్టినది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటవాసి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది. ఆయనయు, ఆ యూరి ఇతర కుటుంబములును ఈ విద్యను కాపాడిన తీరునకు తెలుగువారు ఋణపడియున్నారు. ఆ యూరిలో నేడు తోలుతో దీపపుతొడుగులు, గోడకు తగిలించు చిత్రములు చేయుచున్నారు. అవి అమ్ముడుపోవుటవలననే పొయ్యిలో పిల్లి లేచుచున్నది. దానిని తప్పుపట్టు అధికారము మనకు లేదు. నా వేదన వేరు. తోలును మెచ్చుకొంటిమి, రంగును మెచ్చుకొంటిమి, చేతిపనికి బిరుదు నిచ్చితిమి. నవ్వునకు ఏమి ఇచ్చితిమి? దీపపుతొడుగుమీద రాముడుండును, హనుమంతుడుండును. కేతిగాడు కనబడుట అరుదు. కనబడినను మాటాడడు.

నడిరేయి విరామమున మేళపు పెద్ద ఇదే సంగతిని తన మాటలలో చెప్పెను. పట్టణములలో ఉత్సవములకు పిలుచువారు అరగంట ఇత్తురట. అరగంటలో గణపతి, ఒక యుద్ధము, మంగళహారతి పట్టును. “మొదట తీసేసేది కేతిగాణ్ణే సామీ. వాడు లేకపోతే నాకు పని తక్కువే. ఇంటికొచ్చినాక నిద్ర పట్టదు” అనెను. ఈ ఫిర్యాదును అందుకొనవలసిన చెవులు ఆ పల్లెలో లేవు. అరగంట ఇచ్చువారికి కొరత తెలియదు, ఏలయన వారి యెదుట కూర్చున్న జనము ఒకరికొకరు ఎరుగనివారు. కేతిగాడు చురక వేయుటకు అక్కడ ఎవరి పేరు పలుకవలెను? ఈ బొమ్మలాటను పరిశోధించిన జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ అను విదేశీయుడు 1989లో ప్రకటించిన వ్యాసమునకు, పగ్గములు విదూషకుల చేతిలోనే యున్నవన్న అర్థము వచ్చు శీర్షికను పెట్టెను. పగ్గములు పట్టినవానిని బండినుండి దించి బండికి పూలదండ వేయుట మన ఆదరణపద్ధతియైనది.

ఇతరదేశములు ఈ పొరపాటు చేయలేదు. జావాదేశపు వయాంగ్ బొమ్మలాటలో సెమారును అతని కుమారులగు గారెంగ్, పెత్రుక్, బాగొంగులును మహాభారత వీరుల నడుమ నిలిచి, నేటి ధరలను, నేటి అధికారులను గూర్చి నేటి భాషలో మాటాడుదురు; వారు లేని వయాంగును జావావారు ఊహింపనైన ఊహింపలేరు. 2003లో యునెస్కో ఆ కళను మానవజాతి వారసత్వముగా ప్రకటించినప్పుడు ఆ విదూషకులును దానిలో భాగముగానే నిలిచిరి. 2009లో ఆ సంస్థ పట్టికకెక్కిన తుర్కీ బొమ్మలాటకు కరగోజ్ అను హాస్యగాని పేరే పేరు. మన దేశముననే కేరళలో కూడియాట్టపు విదూషకుడు సంస్కృతనాటకము నడుమ మలయాళమున రాత్రులకొలది వ్యాఖ్యానించు హక్కును నేటికిని కలిగియున్నాడు. మన కేతిగాడు వీరికి తోబుట్టువు, తీసిపోయినవాడు గాడు.

హాస్యఘట్టములలో బూతు హెచ్చినదని, అందుచేత సంస్కారవంతులు దానిని పరిహరించిరని చెప్పువారు కలరు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. మన రంగస్థలమున హాస్యము పక్కదారి పట్టిన ఘట్టములు కలవు. కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యావ్యామోహమును ఖండించుటకై వ్రాసిన చింతామణి నాటకము, తరువాతి ప్రదర్శనములలో సుబ్బిశెట్టి పాత్ర పెరిగి పెరిగి, ఒక వర్గమువారి మనస్సు నొచ్చుటకు కారణమై, తుదకు 2022 జనవరిలో రాష్ట్రప్రభుత్వ నిషేధమునకు గురియైనది. ఐతే ఈ రోగమునకు మందు ఎక్కడనున్నదో ఆ వృద్ధురాలు చూపినది. ప్రేక్షకులు నటునికి కొత్తవారై, టిక్కెట్టు కొని వచ్చి పోవువారైనప్పుడు హాస్యమునకు హద్దు చెప్పువారుండరు. అది విచ్చలవిడిగా పెరిగిన పిమ్మట ఉత్తరువు వచ్చి, మంచిని చెడుగును ఒక్కవ్రేటున నరుకును. ప్రేక్షకులు ఊరివారై, తెర వారి మాటకు చెవి యొగ్గునదై యున్నప్పుడు, ఒక అవ్వ ప్రశ్న చాలును. ఆ క్షణముననే హాస్యము తన్ను తాను దిద్దుకొని మునుపటికంటె మెరుగైన హాస్యమగును.

కావున కోరదగినవి ఇవి. మేళమును పిలుచువారు పూర్తి రాత్రిని ఈయవలెను. ఆ రాత్రికి తగిన కూలిని ఈయవలెను. జాతరకు ఆర్కెస్ట్రా కుదుర్చుకొను పల్లెలు రెండుమూడేండ్లకొకసారియైనను ఆ ధనమును బొమ్మలాటకు మరల్చవలెను. 1997లో కుప్పమున స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయము తెలుగు కన్నడ తమిళ సీమలు కలియు చోట నెలకొన్నది. కేతిగాని తోబుట్టువులు ఆ మూడు భాషలలోను నవ్వించుచున్నారు. అక్కడి పరిశోధకులు ఈ ఆటలను ధ్వనిముద్రణ చేయునప్పుడు పాటయు పద్యమును మాత్రమే ఏరి తక్కినదానిని త్రోసివేయక, తెరవైపు ఒక కెమెరాను, జనమువైపు ఒక కెమెరాను నిలుపవలెను. ఎవరు ఏ మాటకు నవ్విరో, ఎవరు ఏ మాటకు అడ్డుతగిలిరో వ్రాసిపెట్టవలెను. అన్నిటికంటె ముందుగా మన బడులలో పిల్లలకు భారతకథను పరీక్షకై గాక నవ్వుటకై చెప్పవలెను. వలలుడెవరో, ఉత్తరకుమారుడెవరో తెలియని తరము వచ్చిననాడు బంగారక్క ఎంత గొప్పగా పలికినను సభ నిశ్శబ్దముగా చూచుచుండును. బొమ్మను అద్దపు పేటికలో నూరేండ్లు దాచవచ్చును. నవ్వగల సభను దాచుటకు పేటిక లేదు. దానిని ఏటేట కూర్చుండబెట్టి, కథ చెప్పి, ప్రశ్నింపనిచ్చి పెంచుకొనవలసినదే.